దుప్పటికి అవతలి కొస

పోయిన వారం గేటమ్మని లాండ్రీ మెట్ల మీద వదిలేశాం. రోలరు పిల్ల ఆమె చెవిలో ఒక వార్త వేసింది. అది విని గేటమ్మ ఒక కాలు పై మెట్టు మీద పెట్టి, రెండో కాలు ఎత్తడం మర్చిపోయి అలాగే నిలబడిపోయింది. వార్త ఇంతే: కొత్త మేనేజరు పిల్లిని తన గదికి పిలిపించాడు. తలుపు వేసుకుని మాట్లాడాడు. సూపర్‌వైజరు కుర్చీ ఇస్తానన్నాడు.

మధ్యలో వచ్చి చేరినవాళ్ళు కంగారు పడొద్దు, ఇదేం పెద్ద చిక్కుముడి కాదు. పెద్దాసుపత్రి వెనకాల దాని లాండ్రీ ఉంది. ఆసుపత్రిలో ఎంతమంది పడుకుంటే అన్ని దుప్పట్లు ఇక్కడికొస్తాయి. ఉతుకుతారు, ఆరబెడతారు, వేడి రోలరు కింద నొక్కి బయటికి తీస్తారు. ఆఖర్న మడత గది. అక్కడ తొమ్మిది బల్లలు, బల్లకి ఇద్దరు ఆడవాళ్ళు. అందులో పది మంది యాభై అయిదు దాటినవాళ్ళు. ఈ పది మందినీ ఇంటికి పంపెయ్యాలని మేనేజరు ముచ్చట పడుతున్నాడు. దానికి విశ్రాంతి పథకం అని అందమైన పేరొకటి పెట్టాడు. పొమ్మనే హక్కు అతనికి లేదు. కాబట్టి 'మా ఇష్టంతోనే పోతున్నాం' అని వాళ్ళ నోటితోనే అనిపించాలి. రేపు మధ్యాహ్నం మడత గదిలోకి వస్తాడు. పోయేవాళ్ళని కిటికీ వైపు నిలబడమంటాడు. ఒక్కరు కదిలితే చాలు, ఆవిడే పోయింది మనకెందుకులే అని మిగతావాళ్ళు కదులుతారు. ఆ ఒక్కరి కోసమే, ముందు కదిలితే నిన్ను మాత్రం ఇంటికి పంపనులే అని కుర్చీ ఎర వేశాడు.

గేటమ్మకి యాభై తొమ్మిది. పద్దెనిమిదేళ్ళ కిందట ఇక్కడ సమ్మె జరిగినప్పుడు గేటు ముందు నిలబడి, లోపలికి ఈగని కూడా పోనివ్వలేదు. పేరు అప్పుడే వచ్చింది. పిల్లి ఆమెకి సొంత తోడికోడలు, మూడేళ్ళు చిన్నది. సమ్మె నాలుగో రోజున పక్క తలుపులోంచి చప్పుడు చెయ్యకుండా లోపలికి పోయి పనిలో చేరింది. ఆమెకి పేరు అలా వచ్చింది. ఆ వారంలోనే సమ్మె పడిపోయింది. ఇప్పటి పిల్లలకి ఈ గొడవేం తెలీదు. ఆమెవి తేనెరంగు కళ్ళు, అందుకే పిల్లక్క అంటారేమో అనుకుంటారు.

ఆ నాలుగో రోజు నుంచి తోడికోడళ్ళిద్దరికీ మాటల్లేవు.

మాటల్లేకపోవడమంటే దూరంగా ఉండటమని అనుకుంటే పొరపాటు. ఇద్దరిదీ ఒకే ఇల్లు, కింద గేటమ్మ, పైన పిల్లి. గేటమ్మ మొగుడు పోయి అయిదేళ్ళు. పిల్లి మొగుడు, అంటే గేటమ్మకి మరిది, బస్సు తోలి తోలి రిటైరయ్యాడు. ఇన్నాళ్ళూ ఇద్దరి మధ్య తపాలా ఆయనే. "మీ ఆవిడకి చెప్పు, నీళ్ళు కిందికి కారుతున్నాయని." "వదినా, కొళాయి బాగు చేయించాను అంటోంది." బస్సు తోలినప్పుడు కూడా ఇన్ని ట్రిప్పులు వెయ్యలేదని మరిది అందరి దగ్గరా వాపోతుంటాడు.

అన్నిటికంటే వింత ఏంటంటే, మడత గదిలో ఇద్దరిదీ ఒకే బల్ల. పెద్ద దుప్పటి ఒక్కరి వల్ల మడత పడదు. చెరో రెండు కొసలు పట్టుకుని ఎదురెదురుగా నిలబడాలి, బిగ్గా లాగాలి, ఒకరు నడిచి వచ్చి తమ కొసలు రెండో మనిషి చేతిలో పెట్టాలి. కొత్తగా చేరిన ప్రతి పిల్లనీ ఒక పెద్దావిడకి జోడీ కట్టడం ఈ గది పద్ధతి. నడిచేది పెద్దావిడ, నిలబడేది కొత్తది. నడిచే మనిషి చేతిలోనే మడత ఉంటుంది, అది కుదరడానికి ఏళ్ళు పడుతుంది.

సమ్మె తర్వాత పిల్లితో నిలబడటానికి ఎవరూ ఒప్పుకోలేదు. గేటమ్మే ముందుకొచ్చింది. జాలితో అనుకునేరు. "నా ఎదురుగా నిలబెట్టండి దాన్ని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నా మొహం చూస్తూ చావాలి," అంది. తను కదలకుండా నిలబడి పిల్లినే నడిపించింది. రోజుకి కొన్ని వందల సార్లు పిల్లి నడిచి రావాలి, దుప్పటి కొసలు గేటమ్మ చేతిలో పెట్టాలి, తల వంచుకుని వెనక్కి పోవాలి. శిక్ష అంటే అదీ. ఎదుటి మనిషి మొహం చూడాల్సిన పని తనక్కూడా పడుతుందని గేటమ్మ అప్పుడు లెక్క వేసుకోలేదు.

పద్దెనిమిదేళ్ళు అలాగే గడిచాయి. మాటల్లేకపోయినా పని ఆగదు కాబట్టి చేతులు భాష నేర్చుకున్నాయి. దుప్పటి ఒకసారి గుంజితే మరక ఉందని, రెండుసార్లు గుంజితే చిరిగిందని. గది మొత్తంలో వేగం వీళ్ళదే, తప్పులు లేనిదీ వీళ్ళ బల్లే.

సరే, ఇప్పటి సంగతికొద్దాం.

గేటమ్మ రెండో కాలు కూడా మెట్టెక్కించింది. భోజనాల వేళ. రోలరు ఆపేశారు, అందరూ పెరట్లో డబ్బాలు విప్పుకుని కూర్చున్నారు. పిల్లి పెరట్లోకి దిగదు, మోకాళ్ళు సహకరించవు. మడత గదిలోనే బల్ల అంచుకి ఆనుకుని నిలబడి ఉంది. పొద్దుటి బండిలో ఇంకా దుప్పట్లు మిగిలి ఉన్నాయి.

గేటమ్మ లోపలికొచ్చి తలుపు దగ్గరికి వేసింది. దారి పొడుగునా నాలుగైదు మొదటి మాటలు సిద్ధం చేసుకుంది. ఒక్కటీ నోటికి రాలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బండిలోంచి దుప్పటి తీసి విదిలించింది. పిల్లి అవతలి కొసలు అందుకుంది. దుప్పటి మధ్యన బిగిసింది.

"కుర్చీ ఇస్తానన్నాడంటగా," అంది గేటమ్మ.

పిల్లి వెనక్కి తిరిగి చూసింది. వెనకాల గోడే ఉంది.

"నన్నేనా?"

"గదిలో ఇంకెవరున్నారే?"

"పద్దెనిమిదేళ్ళ నుంచీ గదిలో నేనే ఉన్నాను. ఎప్పుడూ అడగలేదుగా, అందుకని అనుమానమొచ్చింది."

గేటమ్మకి నవ్వొచ్చింది. వచ్చిన నవ్వుని మింగింది. "తీసుకుంటున్నావా మరి?"

"ముందు నీ కుడిచేతి కొస సరిగ్గా పట్టుకో అక్కా. జారిపోతోంది."

అక్కా అంది. ఎంత మామూలుగా అందంటే, నిన్న కూడా అన్నట్టుంది. గేటమ్మ కొస సర్దుకుంది. పిల్లి నడిచి వచ్చి మడత కలిపింది, వెనక్కి పోయింది. ఇంకో దుప్పటి.

"ఒకటి అడుగుతాను. నిజం చెప్తావా?" అంది గేటమ్మ.

"అబద్ధం చెప్పే ఓపిక ఉంటే కదా."

"అప్పుడెందుకు పోయావ్ లోపలికి?"

ఈ ప్రశ్నకి గేటమ్మ దగ్గర జవాబులు చాలానే ఉన్నాయి. పాత మేనేజరు ఏదో ఆశ చూపించాడని ఒకటి. మొగుడు నెట్టాడని ఒకటి. మరిదిని మూడుసార్లు నిలదీసింది, ఆయన మూడుసార్లూ ప్రమాణం చేసి నేను కాదు వదినా అన్నాడు. తన పేరు ఊళ్ళో మోగుతుంటే చూడలేక కుళ్ళుతో పోయిందని ఇంకొకటి, అది అన్నిటికంటే ఇష్టమైన జవాబు. ఒక్కో ఏడు ఒక్కో జవాబుని నమ్ముకుని బతికింది.

"భయమేసి పోయాను," అంది పిల్లి.

"మేనేజరంటే భయమా?"

"ఛ, వాడెవడు! నువ్వంటే."

దుప్పటి మధ్యలో కుంగింది. గేటమ్మ చేతులే దించేసింది.

"లాగి పట్టుకో," అంది పిల్లి. "మూడో రోజు గుర్తుందా నీకు? మన రంగు బట్టలు ఉతికే గదిలో ఒకావిడ ఉండేది, సన్నగా. చంటిదానికి జ్వరంగా ఉంది, ఒక్క పూట ఇంటికి పోయొస్తానంది. నువ్వు ఆమెని పదిమందిలో నిలబెట్టావు. 'ఇవాళ దీనికి జ్వరమొచ్చింది, రేపు ఇంకోదానికి కడుపునొప్పి, ఎల్లుండి సమ్మెకే జబ్బు చేస్తుంది' అన్నావు. అందరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. ఆవిడ తల దించుకుని అక్కడే కూర్చుండిపోయింది. ఇంటికి పోలేదు."

"ఊఁ."

"ఆ రాత్రి నాకు కంటి మీద కునుకు లేదు. రేపు నాకేదైనా వస్తే నన్నూ ఇలాగే నిలబెడుతుంది కదా అనుకున్నాను. సొంత తోడికోడలని ఇంకా గట్టిగానే నిలబెడుతుంది, పక్షపాతం లేదని చూపించుకోవాలిగా. లోపలికి పోతే మేనేజరు మహా అయితే జీతం కోస్తాడు. బయట నీ దగ్గరుంటే నువ్వు మనిషినే కోస్తావు. జీతమే నయమనిపించింది. పోయాను."

చెప్పేసి, పిల్లి మడత కలపడానికి నడవబోయింది. మోకాలు పట్టేసినట్టుంది, బల్ల పట్టుకుని ఆగింది.

గేటమ్మ లోపల కోపం కోసం వెతుక్కుంది. ఎప్పుడూ ఉండే చోటే ఉండాలి. ఇరవయ్యేళ్ళ వయసు నుంచి అది ఆమెని ఎప్పుడూ మోసం చెయ్యలేదు, పిలిస్తే పలికేది. గొంతులోకి ఎగదన్నుకుని వచ్చేది, చెవులు ఎర్రబడేవి, ఆ తర్వాత వచ్చే మాటలకి ఎదుటి మనిషి నెల రోజులు లేచేవాడు కాదు. ఇప్పుడు వెతికితే దాని జాడ లేదు. ఎప్పుడు పోయిందో కూడా తెలీదు. సమ్మెలు చేసేవాళ్ళకి కోపం పోతే ఇంకేం మిగుల్తుందని భయపడేది ఒకప్పుడు. తీరా పోయాక చూస్తే చాలానే మిగిలింది. చెవులు బాగా పనిచేస్తున్నాయి. ఎదుటి మనిషి చెప్పేది ఆఖరిదాకా వినబడుతోంది.

దుప్పటి కొసలు పట్టుకుని ఆమే నడిచింది. పిల్లి దగ్గరికి వెళ్ళి కొసలు చేతిలో పెట్టింది. పద్దెనిమిదేళ్ళలో ఆ బల్ల దగ్గర గేటమ్మ అడుగు తీసి అడుగు వెయ్యడం అదే మొదలు. పిల్లి ఆ కొసల వంక, ఆమె వంక మార్చి మార్చి చూసింది.

"ఆ చంటిది బతికిందా?" అంది గేటమ్మ.

"భేషుగ్గా బతికింది. వాళ్ళమ్మ పై సంవత్సరం వేరే పని చూసుకుని వెళ్ళిపోయింది. అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది."

"నన్నడుగుతుందా?"

"అడగదు."

"అడగదులే." గేటమ్మ ఇంకో దుప్పటి తీసింది. మళ్ళీ తనే నడిచింది. అలా నాలుగు మడిచాక అడిగింది. "ఇన్నాళ్ళూ చెప్పనిది ఇప్పుడెలా చెప్పావే? నేను ముసలిదాన్ని అయ్యాను, ఇంక దీనికి కోరల్లేవు అనా?"

"ముసలిదాన్ని నేనూ అయ్యాను. నాకిప్పుడు ఎవరన్నా భయం లేదు. పొద్దున్నే లేస్తే మోకాళ్ళంటే భయం, అంతే. నువ్వు కూడా మారావులే."

"ఏం మారాను?"

"పోయినేడు ఆ కొత్త పిల్ల ఆపరేషను గది దుప్పట్ల గుట్టంతా బురదలో పడేసింది. వణికిపోతోంది. నువ్వేమన్నావో గుర్తుందా? 'ఏముందిలే, ఇంకోసారి ఉతుకుదాం' అన్నావు. నలభై ఏళ్ళప్పుడైతే దుప్పట్లతో పాటు ఆ పిల్లని కూడా ఉతికి ఆరేసేదానివి. ఆ రోజే అనుకున్నాను, దీంతో ఇంక మాట్లాడొచ్చని."

"మరి ఏడాది ఎందుకు ఆగావు?"

"నువ్వు అడుగుతావని."

గేటమ్మ ఈసారి నవ్వు మింగలేదు. ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే పిల్లి గుట్ట మీది దుప్పటి సర్దబోయి ఆగింది. మడత విప్పి చూసింది. మధ్యలో బెత్తెడు చిరుగు. ఇద్దరి చేతుల్లోంచీ పోయింది, ఇద్దరూ గుంజలేదు.

"చూశావా, మాట్లాడుకుంటే పని చెడుతుందని మేనేజర్లనేది ఉత్త మాటేం కాదు," అంది పిల్లి చిరుగులో వేలు పెట్టి.

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని రోలరు పిల్ల వచ్చింది. ఈ పిల్లకి ముప్పై రెండు. ఇప్పటి సంఘం కార్యదర్శి. వేడి రోలరు దగ్గర నిలబడీ నిలబడీ ఆ వేడి గుణానికి కూడా పట్టింది. ఇద్దరూ నవ్వుతుండటం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏంటి, అయిపోయిందా? ఏమంది?" అని అడిగింది గేటమ్మని, పిల్లి అక్కడ లేనట్టే.

"దేనికి ఏమంది?"

"కుర్చీకి! రేపు కిటికీ దగ్గరికి పోతానంటోందా, లేదంటోందా?"

"అది ఇంకా మాటల్లోకి రాలేదు."

"రాలేదా! ఇంతసేపు ఏం మాట్లాడుకున్నారు మరి?" రోలరు పిల్ల పిల్లి వైపు తిరిగింది. "ఇదిగో పిల్లక్కా, ఒకసారి పోయావని నిన్ననే తెలిసింది నాకు. రెండోసారి ఊరుకోం. రేపు నువ్వు కదిలావంటే సాయంత్రం మేమందరం మీ ఇంటి ముందు కూర్చుంటాం."

"ఆ ఇంట్లో కింద నేనుంటాను కదే," అంది గేటమ్మ. "నా ఇంటి ముందు నన్ను కూడా కూర్చోమంటావా?"

"జోకులెయ్యకు పెద్దమ్మా! పది మంది పొట్ట మీద కొట్టబోతోంది ఈవిడ. నీ పొట్ట కూడా. ఇంట్లో కూర్చోబెడితే ఏం చేస్తావు నువ్వు?"

అది సరైన ప్రశ్నే. గేటమ్మకి ఈ పని కావాలి. అవసరానికి కావాలి, ఇష్టానికి కూడా కావాలి. పిల్లలు ఎవరి బతుకు వాళ్ళు బతుకుతున్నారు. జీతం తన చేతికి వచ్చి తన చేతి మీదుగానే ఖర్చవడం ఈ అయిదేళ్ళ నుంచే మొదలైంది. పొద్దున్న తనకి ఇష్టమైనప్పుడు లేస్తుంది, ఇష్టమైన బస్సెక్కుతుంది, ఒకటి పోతే ఇంకోటి వస్తుందని నిలబడుతుంది. ఎవరో ఏదో అనుకుంటారని మానేసిన పనులన్నీ ఒక్కొక్కటే చేసుకుంటోంది. జీవితంలో ఇదే మంచి కాలమని ఎవరికైనా చెప్తే, పాపం పెద్దావిడ ధైర్యం తెచ్చుకుంటోంది అని జాలి పడతారు. అందుకే చెప్పడం మానేసింది. విశ్రాంతి పేరుతో దాన్ని లాక్కుపోతానంటున్నాడు మేనేజరు. ఒక్క మనిషి కిటికీ వైపు అడుగేస్తే అంతా పోతుంది.

అయినా గేటమ్మ అంది: "దాన్నేం అడగొద్దు. పోతే పోతుంది, ఉంటే ఉంటుంది. దాని ఇష్టం."

"ఇష్టమా!"

"దానికి మోకాళ్ళు నొప్పి. కుర్చీ మీద ఆశ ఉంటుంది. ఉండకూడదా? రేపు అది పోయినా నేను గేటు దగ్గర నిలబడి పేరు పెట్టి పిలవను. నువ్వూ పిలవకు."

రోలరు పిల్ల ఆమెని ఎగాదిగా చూసింది. "నీకు వయసైపోయింది పెద్దమ్మా."

"అయింది. ఎంత బాగుందో నీకు ఇప్పుడు చెప్పినా ఎక్కదు."

పిల్లి ఇద్దరి మధ్య నుంచి పక్కకి జరిగింది. చిరిగిన దుప్పటి పక్కన పెట్టి, కిటికీ వంక చూస్తూ నిలబడింది. అది అవునో కాదో ఆ మొహంలో గేటమ్మకి కూడా దొరకలేదు.

గంట కొట్టారు. ఆడవాళ్ళు చేతులు తుడుచుకుంటూ లోపలికొచ్చి బల్లల దగ్గర నిలబడ్డారు. రోలరు తిరగడం మొదలైంది. రోలరు పిల్ల మూతి బిగించుకుని తన చోటికి పోయింది. మొదటి నాలుగు దుప్పట్లు బయటికొచ్చాయో లేదో, తలుపు మళ్ళీ తెరుచుకుంది.

మేనేజరు. రేపు రావాల్సినవాడు ఇవాళే వచ్చాడు. తెలివైనవాడే, ఒక రాత్రి వ్యవధి ఇస్తే ఆడవాళ్ళు ఏం మాట్లాడుకుంటారో అని భయం. వెనకాల కాపలా మనిషి కుర్చీ మోసుకొచ్చాడు. చేతులున్న కుర్చీ, మెత్త ఉన్న కుర్చీ. తెచ్చి కిటికీ పక్కన వేశాడు.

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. ఏళ్ళ తరబడి మీరు చేసిన సేవ అన్నాడు. ఇంక హాయిగా కూర్చోవాల్సిన వయసు అన్నాడు. మనవల్ని ఆడించుకోవాలన్నాడు. పది మందిలో ముగ్గురికి మనవల్లేరు, ఒకామెకి పెళ్ళే కాలేదు. అతను అన్నీ కలిపి ఒకే ముద్దగా చెప్పేశాడు.

"మీ ఇష్టంతో ముందుకొచ్చేవాళ్ళు ఇటు కిటికీ వైపు రండి. బలవంతం ఏమీ లేదు." అని పిల్లి వంక చూసి చిన్నగా నవ్వాడు.

రోలరు చప్పుడు చేస్తూ తిరుగుతోంది. పిల్లి చేతుల్లో దుప్పటి కొసలు రెండున్నాయి. నడిచి వచ్చి వాటిని గేటమ్మ చేతిలో పెట్టింది. వెనక్కి తన చోటికి పోలేదు. మెల్లగా, బల్లల అంచులు పట్టుకుంటూ కిటికీ దగ్గరికి పోయింది. కుర్చీలో కూర్చుంది. కూర్చుని హమ్మయ్య అంది, అందరికీ వినబడేట్టు.

"చూశావా పెద్దమ్మా! చూశావా!" రోలరు పిల్ల గొంతు చప్పుడుని దాటుకుని వచ్చింది.

గది మొత్తం గేటమ్మ వైపు తిరిగింది. పద్దెనిమిదేళ్ళ కిందట ఇలాగే తిరిగారు. అప్పుడామె ఏం చేసిందో ఆ రోజు ఉన్నవాళ్ళెవరూ మర్చిపోలేదు. పిల్లి మాత్రం మేనేజరుని చూడటం లేదు, ఎవర్నీ చూడటం లేదు. తల ఎత్తి నేరుగా గేటమ్మనే చూస్తోంది. పక్క తలుపులోంచి పోయిన మనిషి మొహం అలా ఉండదు. అది గేటమ్మకి బాగా తెలుసు. ఒక పక్క తలుపు మొహాన్ని పద్దెనిమిదేళ్ళు ఎదురుగా పెట్టుకుని చూసిన మనిషి.

ఏం తలపెట్టిందో అర్థం కాలేదు. అర్థం కాకుండా ఒకరి వెనక నడవడం గేటమ్మ పుట్టాక ఎప్పుడూ ఎరగదు. ఆమె ముందు నడవాలి, మిగతావాళ్ళు వెనక రావాలి, అదే వరస.

చేతిలోని దుప్పటి బల్ల మీద పడేసింది. "పదండి," అంది ఎవరితోనని కాకుండా, పిల్లి వైపు నడిచింది.

పది మందిలో తొమ్మిదో మనిషి కూడా కదిలాక మేనేజరు మొహం విచ్చుకుంది. పదో ఆవిడ ఏప్రను విప్పుకుంటూ వెళ్ళి గోడకి ఆనుకుంది. అంతా కిటికీ వైపే. ఇన్నాళ్ళుగా వేసుకున్న పథకం ఇంత సులువుగా పండుతుందని అతను కలలో కూడా అనుకోలేదు. చప్పట్లు కొట్టబోయి, వెనకాల ఏదో మెత్తగా పడ్డ చప్పుడు విని తిరిగాడు.

రోలరులోంచి వచ్చిన దుప్పటి నేల మీద పడింది. దాని మీద ఇంకోటి పడింది. ఎనిమిది బల్లల దగ్గర ఎనిమిది మంది కుర్ర ఆడవాళ్ళు, ఒక్కొక్కరి చేతిలో ఒక్కో దుప్పటి, రెండు కొసలు పైన, రెండు కొసలు నేల మీద. అవతల పట్టుకునే మనిషి లేదు.

"ఆపండి దాన్ని!" అన్నాడు మేనేజరు.

"ఇప్పుడాపితే లోపలున్నవి మాడిపోతాయి సార్," అంది రోలరు పిల్ల. ఆమె మొహంలో ఇందాకటి మంట తగ్గి, ఇంకేదో మొదలైంది. "అన్నీ బయటికి రావాలి."

"మీలో మీరు జోడీ కట్టండమ్మా! ఎనిమిది మంది ఉన్నారుగా!"

కట్టారు. ఇద్దరిద్దరు ఎదురెదురుగా నిలబడి కొసలు పట్టుకున్నారు, బిగ్గా లాగారు. లాగి అలాగే నిలబడ్డారు. వాళ్ళందరూ నేర్చుకున్నది నిలబడే వైపే. నడిచి వచ్చేది ఎప్పుడూ పెద్దావిడే. ఒకరు నడుస్తారని ఇంకొకరు చూస్తున్నారు. నాలుగు దుప్పట్లు నాలుగు గోడల్లాగా బిగిసి నిలబడ్డాయి. తర్వాత ఒక జంటలో ఇద్దరూ ఒకేసారి నడిచి మధ్యలో నుదుళ్ళు గుద్దుకున్నారు. నిజంగానే చేతకాలేదో, చేతకానట్టు చేశారో వాళ్ళకే తెలియాలి. కిటికీ వైపు నుంచి కిసుక్కుమని ఎవరో నవ్వారు.

గోడ మీద ఫోను మోగింది. కాపలా మనిషి తీశాడు. "ఆపరేషను గదివాళ్ళండి. మధ్యాహ్నం దుప్పట్లు ఇంకా రాలేదంటున్నారు."

నేల మీద గుట్ట మోకాళ్ళెత్తుకి చేరింది. కింద పడ్డవన్నీ మళ్ళీ ఉతకాల్సిందే.

మేనేజరు నుదురు తుడుచుకున్నాడు. "సరే, ప్రస్తుతానికి అందరూ ఎవరి బల్లల దగ్గరికి వాళ్ళు వెళ్ళండి. పథకం గురించి తర్వాత మాట్లాడదాం."

ఎవరూ కదల్లేదు. కుర్చీలోంచి పిల్లి అంది, "మేం విశ్రాంతి తీసుకుంటున్నాం సార్. మీరే కదా రమ్మన్నారు? బలవంతం కూడా లేదన్నారు."

"ఏం కావాలి మీకు?" గొంతు పెంచాడు. పెంచి, పిల్లిని వదిలేసి గేటమ్మ వైపు తిరిగాడు. ఈ లాండ్రీలో ఎవరితో మాట్లాడాలో పాత మేనేజర్లు అతనికి చెప్పే ఉంటారు. "మీరు చెప్పండి. అసలు ఏం కావాలి మీకు?"

ఈ ప్రశ్న కోసం గేటమ్మ జీవితమంతా కాచుకుని ఉంది. కోర్కెలు నాలిక చివర కొలువుతీరి ఉంటాయి, అడగడమే ఆలస్యం. నోరు తెరిచింది. పక్కన కుర్చీలో పిల్లి ఉంది. గదిని ఇలా నిలబెట్టింది తను కాదు, పిల్లి. గేటమ్మ నోరు మూసింది. వంగి పిల్లి చెవి దగ్గరికి పోలేదు, అందరికీ వినబడేట్టే అడిగింది.

"ఏం అడుగుదామే?"

రోలరు పిల్ల రోలరు మీట మీద చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయింది. సమ్మె నాటి నుంచి ఉన్న పెద్దావిడలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. గేటమ్మ నోటి వెంట అలాంటి మాట వాళ్ళెవరూ వినలేదు.

"అడగడానికి ఉంది," అంది పిల్లి. "నీకు నచ్చదక్కా."

"నాకు నచ్చాలని ఎవరన్నారు? చెప్పు."

"కోపం రాకూడదు."

"వస్తే చూద్దాం. రోలరులో దుప్పట్లు అయిపోయేలోపు చెప్పు."

పిల్లి కుర్చీ చేతులు పట్టుకుని లేచి నిలబడింది. మేనేజరు వైపు తిరిగింది.

"మొదటిది రాసుకోండి సార్. ఈ రోజు నుంచి ఈ గదికి మా అక్క నాయకురాలు కాదు."

మేనేజరు కళ్ళు మెరిశాయి. రోలరు పిల్ల 'ఆఁ' అని ఒక్క కేక పెట్టింది. గోడకి ఆనుకున్న పదో ఆవిడ, విప్పిన ఏప్రను గబగబా మళ్ళీ కట్టేసుకుంది.

గేటమ్మ ఒక్క క్షణం కళ్ళు మూసుకుని తెరిచింది.

"రెండోది చెప్పవే," అంది.